శుభ్రమైన పక్షులు

నవంబర్ 12, 2024

కాలేజీ వెబ్‌సైటు కొత్తగా చేస్తున్నారట. ప్రతి ప్రొఫెసరూ తన ఉద్యోగం గురించి ఒక పేరా, వ్యక్తిగత ఆసక్తుల గురించి ఒక పేరా రాసి పంపాలి. మొదటిది చకచకా రాసేశాను. డాక్టర్ షేక్ సోహైల్, ఏఐ విభాగం హెడ్, ఊపిరితిత్తుల స్కాన్ చూసి జబ్బు పేరు చెప్పే ప్రోగ్రాం మీద ఏళ్ల తరబడి పరిశోధన, వగైరా వగైరా. రెండో పేరా దగ్గరే బండి ఆగిపోయింది. 'పావురాల పెంపకం' అని రాశాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మా చైర్మన్ గారి కంట పడితే ప్రతి స్టాఫ్ మీటింగులోనూ అదే పాట. కొట్టేసి 'పుస్తక పఠనం' అని పెట్టాను. నేను ఆఖరిసారి పుస్తకం ఎప్పుడు చదివానో అల్లాకే తెలియాలి.

మా ఆవిడ అర్ఫాకి దగ్గు తగ్గలేదు. సెప్టెంబరు వరద తర్వాత సింగ్‌నగర్‌లో దగ్గు లేని ఇల్లు లేదు. కింది వాటా గోడలు ఇప్పటికీ చెయ్యి ఆనిస్తే చెమ్మగా తగులుతున్నాయి. అంతా తేమ వల్లే. నాలుగు రోజులు ఎండ కాస్తే పోతుంది.

నవంబర్ 24

ఆదివారం. పొద్దున్నే మేడమీద గదిలో గూళ్లు తెరిచి పావురాల్ని ఎగరేశాను. ముందు మా వీధి మీద రెండు చుట్లు, తర్వాత బుడమేరు మీదుగా, ఆ తర్వాత కంటికి ఆనవు. అవి కనబడనంత సేపూ నాకు విభాగం గుర్తుండదు, గ్రాంటు గుర్తుండదు, చైర్మన్ గారూ గుర్తుండరు. గింజల డబ్బా తీసి ఒక్కసారి ఊపితే చాలు, ఆకాశంలో ఎక్కడున్నా ఆ చప్పుడికి దిగి వస్తాయి. చెప్పిన మాట ఇంత నమ్మకంగా వినే విద్యార్థి నాకు ఇంతవరకు దొరకలేదు.

వాటిని చూసి మొహం చిట్లించే వాళ్లకి తెలియదు గానీ, పావురం శుభ్రమైన పక్షి. కోడిలాంటిది కాదు. నేను ఆదివారం ఒక్కరోజు కడుగుతాను, అంతే. వారం పొడుగునా ఆ గది మా కాలేజీ ల్యాబ్ కన్నా శుభ్రంగా ఉంటుంది.

అర్ఫా పైకి రాదు, మోకాళ్ల నొప్పులు. వరదప్పుడు మాత్రం తప్పలేదు. నీళ్లు కింది వాటా మింగేసి మెట్ల మీదకి ఎక్కితే, మేమిద్దరం ఆ పావురాల గదిలోనే పడుకున్నాం. అప్పుడే ఒక గుడ్డు పిల్లయింది, తల్లి పావురం దగ్గరికి రానివ్వలేదు. అర్ఫా సజ్జలు నమిలి నోటితో పెట్టింది. మాకు పాలప్యాకెట్లు తెచ్చిన బోటు ఆ రోజే మొదటిసారి మా సందులోకి వచ్చింది. అందుకే ఆ పిల్లకి బోటు అని పేరు పెట్టింది. ఇప్పుడు ఆ వెధవ అన్నిటికన్నా ముందు ఎగిరి అన్నిటికన్నా చివర దిగుతుంది.

డిసెంబర్ 5

గవర్నర్‌పేటలో ఊపిరితిత్తుల డాక్టరు వినీల గారి దగ్గరికి వెళ్లాం. మెట్లు ఎక్కేటప్పుడు అర్ఫా రెండుసార్లు ఆగింది. స్కాన్ తీయించారు. రెండు పక్కలా పొగమంచు పట్టినట్టు ఉంది. ఇలాంటివి వేలు చూశాను. కానీ మీద 'పి. అర్ఫా, స్త్రీ' అని రాసి ఉన్నది చూడటం ఇదే మొదలు.

డాక్టరు గారు అడగాల్సినవన్నీ అడిగారు. వంట కట్టెల మీదా, గ్యాసు మీదా. ఎక్కడ పని చేశారు. క్షయ ఎవరికైనా ఉండేదా.

"ఇంట్లో పెంపుడు జంతువులు, పక్షులు ఏమైనా ఉన్నాయాండీ?"

"కుక్క, పిల్లి ఏమీ లేవండీ," అన్నాను.

అబద్ధం కాదు. కుక్కా లేదు, పిల్లీ లేదు. అర్ఫా నా వంక చూసింది. ఇంతలో దగ్గొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

డిసెంబర్ 6

అర్ఫా అసలు పైకే రాదు. మరి ఆ ప్రశ్నతో పనేముంది?

జనవరి 9, 2025

క్షయ లేదని తేలింది. ఈ రోజు ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు అర్ఫా స్కాన్ మా ప్రోగ్రాంకి ఇచ్చాను. వైరస్ జ్వరం మిగిల్చిన మచ్చలు అంది, అదీ గట్టి నమ్మకంతో. మా ఇద్దరికీ అప్పట్లో కరోనా వచ్చింది కదా. సరిపోయింది. ఇన్నేళ్ల నా కష్టం నా ఇంటికే పనికొచ్చింది. కారిడార్‌లో పిల్లలు చూస్తున్నారని ఊరుకున్నాను గానీ గంతులేయాలనిపించింది.

కాగితం తీసుకెళ్లి వినీల గారికి చూపించాను. ఆవిడకి పూర్తిగా నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది. "మీరు దీని మీదే పని చేస్తున్నారు కాబట్టి సరే సార్. రెండు నెలలు దానికి మందులు వాడి చూద్దాం," అన్నారు.

జనవరి 21

నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సింధూరి అర్ఫా స్కాన్ చూసింది. స్క్రీన్ మీద వదిలేయడం నాదే తప్పు. చాలాసేపు నిలబడింది.

"సార్, ఒక మాట. పక్షుల ఈకలు, రెట్ట దుమ్ము వల్ల వచ్చే జబ్బు ఒకటుంది కదా సార్. అది కూడా ఇలాగే..."

"ప్రోగ్రాం అలా చెప్పలేదుగా."

"దానికి ఆ పేరే తెలీదు సార్. ఆ కేసులు మన దగ్గర మరీ తక్కువున్నాయని 'ఇతరాలు'లో కలిపేయమన్నారు మీరే. మేడం గారికి కోళ్లు, పావురాలు లాంటివి ఏమైనా..."

"నీ థీసిస్ మూడో అధ్యాయం ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి క్లాసులో నేను చెప్పే మొదటి మాట, మనం నేర్పని పేరు యంత్రం ఎప్పటికీ చెప్పలేదు అని. సింధూరి ఆ క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేది.

జనవరి 22

ఆ 'ఇతరాలు' తెరిచి, ఆ స్కాన్లను అర్ఫా స్కాన్ పక్కన పెట్టి చూశాను. ఒకేలా ఉన్నాయని చెప్పలేను. లేవని కూడా చెప్పలేను. కళ్లజోడు మార్చుకోవాలి.

ఫిబ్రవరి 3

తేమ.

ఫిబ్రవరి 16

బాజీ భాయ్ పామర్రు నుంచి వచ్చాడు. నాకు పదేళ్ల వయసులో మొదటి పావురం జత ఇచ్చింది ఆయనే. ఇప్పటికీ నన్ను ప్రొఫెసరూ అని వెక్కిరిస్తాడు. అర్ఫా టీ తెచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. బాజీ భాయ్ నవ్వు ఆగిపోయింది.

"చెల్లాయికి ఎన్నాళ్లనించి ఇలా ఉంది?"

"వరద దగ్గర్నుంచి. తేమ పడలేదు."

"మా మామూకి ఇట్టాగే ఉండేది. ఆయన గూళ్లలోనే పడుకునేవాడు. ఆఖరికి పది అడుగులు వెయ్యలేకపోయాడు."

"ఆయన బీడీలు తాగేవాడు భాయ్."

"తాగేవాడులే," అన్నాడు, టీ కప్పు కింద పెట్టి. వెళ్లేటప్పుడు పావురాలు చూడకుండానే వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా వెళ్లలేదు.

మార్చి 2

రంజాన్ ఉపవాసాల మొదటి రోజా. వద్దన్నా అర్ఫా వినలేదు. తెల్లారకముందే సహరీకి లేచింది, నమాజుకి కూర్చుంది. మధ్యాహ్నానికి మందు వేయక తప్పలేదు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఏడ్చింది. చిన్నప్పటి నుంచి ఒక్కటీ తప్పలేదట. "వచ్చే ఏడాది కలిపి ఉందువులే," అన్నాను. నా మాట నాకే ఎక్కడో గుచ్చుకుంది.

మార్చి 10

పావురాల్ని ఎగరేయలేదు. ఎందుకో పైకి వెళ్లబుద్ధి కాలేదు. వాటికి గింజలెవరు వేశారో గుర్తు లేదు. నేనే అయ్యుంటాను.

మార్చి 19

ఆసుపత్రిలో రాస్తున్నాను. పొద్దున అర్ఫా పెదాలు నీలంగా మారాయి. ఆటోలో నా భుజం మీద తల ఆనించి, చేప నోరు తెరిచినట్టు తెరిచి గాలి పీల్చింది. నాకు తెలిసిన దువాలు, ప్రార్థనలన్నీ కలగాపులగం అయిపోయాయి.

అడ్మిట్ చేసి ఆక్సిజన్ పెట్టారు. మందులకని కిందికి దిగాను. తిరిగి వచ్చేసరికి వినీల గారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. డాక్టర్లు అలా కూర్చోరు.

"రోజూ మీరే ఊడుస్తారా అమ్మా?"

"రోజూ అండీ. ఆయన కాలేజీకి వెళ్లాక. రెట్ట ఎండితే గీకి ఊడవాలి కదా, దుమ్ము లేస్తుంది. కొంగు అడ్డం పెట్టుకుంటాను." మాస్కులోంచి మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఈ మధ్య ఓపిక లేక కూర్చుని ఊడుస్తున్నాను."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "సార్, పావురాలున్నాయని మీరు చెప్పలేదేంటండీ?"

అర్ఫాయే అందుకుంది. "మర్చిపోయుంటారండీ. పనుల్లో ఉంటారు."

వరండాలో నిలబెట్టి చెప్పారు. మచ్చ కట్టిన భాగం ఇక బాగుపడదు. మిగిలింది కాపాడుకోవాలంటే ఇంట్లో ఒక్క ఈక కూడా ఉండకూడదు, ఎప్పటికీ. "డిసెంబరులో తెలిసుంటే..." అని ఆపేశారు. నేను ఆ వాక్యం పూర్తి చేయగలను. నేను ప్రొఫెసర్ని.

వారానికి ఒకరోజు కడిగితే వారమంతా శుభ్రంగా ఉండే పావురాల గది ప్రపంచంలో ఎక్కడుంది? నలభై పక్షులు. రోజూ సాయంత్రం పైకి వెళ్లి, నున్నగా ఊడ్చి ఉన్న నేల మీద నిలబడి, ఎంత శుభ్రమైన పక్షులో అని మురిసిపోయాను. ఒక్కరోజు, ఒక్కరోజైనా, ఇది ఎవరు ఊడ్చారు అని అనుకోలేదు.

మార్చి 21

అడిగాను. "ఆ రోజు డాక్టరు గారి ముందే నువ్వు చెప్పచ్చు కదా."

"మీరు లేవన్నాక నేను ఉన్నాయని ఎలా అంటాను? ఆవిడ ముందు మిమ్మల్ని అబద్ధాలకోరుని చేయనా?"

కాసేపాగి అంది. "అయినా పైన ఉన్నంతసేపే కదండీ మీరు నవ్వేది."

ఇది తిట్టు అయినా బాగుండేది.

మార్చి 31

ఈద్. ఆసుపత్రిలో సేమియా. ఆమె రెండు చెంచాలు తిన్నది.

ఏప్రిల్ 13

పోయిన ఆదివారం బాజీ భాయ్ బుట్టలతో వచ్చాడు. ఇద్దరం పైన కూర్చుని ఒక్కొక్కదాని రెక్కలూ విప్పి పొడుగు ఈకలు పీకాం. అవి మళ్లీ మొలిచేలోగా కొత్త ఇంటికి అలవాటు పడతాయి, అందరూ చేసేదే. నా చేతిలో బోటు గుండె టకటక కొట్టుకుంటోంది. అది నా బొటనవేలిని ముక్కుతో మెల్లగా కొరికింది.

"ఇది ఉంటుందంటావా భాయ్?"

"కళ్లు చూడు దానివి. ఇది నీ ఇంటిది కాదు, చెల్లాయిది. చూద్దాం."

ఆయన వాటిని పామర్రు తీసుకెళ్లాక గది కడిగించి సున్నం వేయించి, తలుపు తీసేసి గోడ కట్టించాను. నా బట్టలన్నీ పారేశాను. అర్ఫాని రేపు ఇంటికి తెస్తున్నాను. ఆక్సిజన్ మిషను మంచం పక్కన పెట్టాం. రోజంతా గుర్రుమంటూ ఉంటుంది.

ఏప్రిల్ 29

ఊర్లో పెద్దపెద్దవాళ్లు వచ్చిన సభలో మా ప్రోగ్రాంకని నాకు శాలువా కప్పారు. చైర్మన్ గారు మైకులో నా ఆసక్తుల గురించి కూడా చెప్పారు. పుస్తక పఠనమట. అందరూ చప్పట్లు కొట్టారు.

మే 8

సింధూరి 'ఇతరాలు' విడదీసింది. ఎక్కడెక్కడి ఆసుపత్రులనో బతిమాలి మరిన్ని కేసులు తెచ్చి, ప్రోగ్రాంకి మళ్లీ నేర్పింది. నన్నేమీ అడగకుండా అర్ఫా డిసెంబరు స్కాన్ ఇచ్చి, పక్కకి జరిగి నిలబడింది.

ఈసారి ప్రోగ్రాం ఆ జబ్బు పేరు చెప్పింది. తడుముకోకుండా చెప్పింది.

"థ్యాంక్స్ అమ్మా," అన్నాను. ఆ పిల్ల ఏడుస్తోంది. నాకు రాలేదు.

మే 27

సాయంత్రం పిట్టగోడ మీద బోటు.

పామర్రు నుంచి వచ్చింది. గది ఉన్నచోట కట్టిన గోడ ముందు అటూ ఇటూ నడుస్తోంది. తలుపు కోసం వెతుకుతున్నట్టుంది.

మే 28

బోటుని అట్టపెట్టెలో పెట్టి, బైకు మీద పామర్రు తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను. ఇంట్లోకి రాకముందే బయట స్నానం చేశాను.

జూన్ 1

మళ్లీ వచ్చింది. బాజీ భాయ్‌కి ఫోను చేశాను.

"పంజరంలో పెడితే తీగలకేసి తల కొట్టుకుంది ప్రొఫెసరూ. గింజ ముట్టలా, చూడలేక వదిలా. ఒకసారి దారి తెలిసిన పక్షి ఇక ఆగదు. చల్లపల్లి అవతల ఇచ్చినా నీ ఇంటికే వస్తది."

"మరేం చెయ్యమంటావ్?"

"నీకు తెలీదా," అన్నాడు. "నీవల్ల కాకపోతే చెప్పు, నేనొస్తా."

జూన్ 4

కాలేజీ నుంచి త్వరగా వచ్చాను. అర్ఫా కిటికీ తెరిచి ఉంది. గట్టు మీద సజ్జలు, ఒక చిన్న బూడిదరంగు ఈక. ఆమె చూపుడువేలు గట్టు మీదే ఉంది, తీయడానికి టైము చాలలేదు.

నేను అరిచాను. పెళ్లయ్యాక ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఆ ఈక పట్టుకుని ఆమె మొహం ముందు ఊపాను. ఏమేం అన్నానో రాయను.

ఆమె ఊపిరి కూడదీసుకునేదాకా ఆగాల్సి వచ్చింది.

"నా నోటితో నమిలి పెట్టాను దానికి," అంది. "నన్ను వెతుక్కుంటూ వస్తోంది. నేనింక ఎక్కడికీ వెళ్లలేను, నా దగ్గరికి వచ్చేది అదొక్కటే. ఒక్కటే కదండీ."

ఒక్క ఈక కూడా ఉండకూడదన్నారు.

జూన్ 7

బక్రీద్. అర్ఫా ఆక్సిజన్ గొట్టంతోనే కొత్త చీర కట్టుకుంది. తమ్ముడు వాళ్లు మాంసం పంపారు. కత్తి సాన పట్టించినదే ఉంది.

జూన్ 8

పొద్దున మేడమీద గింజల డబ్బా ఊపాను. ఎక్కడో పైన ఉంది, కనబడలేదు కూడా. ఆ చప్పుడికి దిగింది. ఆగకుండా, ఒక్క చుట్టు కూడా తిరగకుండా, నేరుగా నా చేతి మీదకి.

బిస్మిల్లా అన్నాను. కత్తి దాని మెడ మీద ఒక్కసారే ఆడింది.

బుడమేరు గట్టున పాతిపెట్టాను. ఇంట్లోకి వచ్చేసరికి అర్ఫా మేలుకునే ఉంది.

"డబ్బా చప్పుడు వినిపించింది. దిగిందా?"

"లేదు. పైపైన తిరిగి పామర్రు వైపు వెళ్లిపోయింది."

"బాజీ భాయ్ దగ్గర తిండి బాగుంటుందిలే," అంది. నన్ను ఓదార్చింది.

జూన్ 15

నేను చూడట్లేదనుకుని అర్ఫా రాత్రి కిటికీ గట్టు మీద సజ్జలు పోస్తోంది. పొద్దున ఆమె లేవకముందే తీసేశాను. లేచి గట్టు చూసుకుంది. ఈ రోజు ఇడ్లీ ఇంకొకటి అడిగి తిన్నది.

జూన్ 16

తీసేశాను.

జూన్ 17

తీసేశాను.

జూన్ 30

కాలేజీ వెబ్‌సైటు వాళ్లకి ఫోను చేసి నా పేజీలో ఆసక్తుల పేరా తీసేయమన్నాను. "బదులు ఏం పెట్టమంటారు సార్?" అన్నాడు ఆ అబ్బాయి. ఏమీ వద్దన్నాను. ఖాళీ ఉండకూడదట, పుస్తక పఠనమే ఉంచాడు.

జూలై 11

వినీల గారు ఇంటికే వచ్చి చూశారు. మిషను ఇంకొంచెం పెంచారు. మందులేమీ మార్చలేదు. మార్చకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. గేటు దాకా వెళ్లాను. "ఇల్లు చాలా శుభ్రంగా ఉంచుతున్నారు సార్," అన్నారు.

జూలై 19

పొద్దున లేచి చూస్తే గట్టు మీద గింజల్లేవు. ఏ పిట్ట తిందా అని కిటికీ బయటికి తొంగి చూశాను. తర్వాత అర్థమైంది, ఆమె పెట్టనే లేదు. మంచం మీంచి చెయ్యి కిటికీ దాకా లేవలేదు.

సాయంత్రం అటే చూస్తూ పడుకుంది, ఏమీ అడగలేదు. ఆమె నిద్రపోయాక డబ్బా చప్పుడు కాకుండా మూత తీసి, గట్టు మీద గుప్పెడు సజ్జలు నేనే పోశాను.

జూలై 20

పొద్దున నేనే తీశాను.

"వచ్చిందా?" అంది.

"వచ్చి తినిపోయింది," అన్నాను.